దెబ్బా నవ్వూ ఒకే షాట్‌లో: హాంకాంగ్ యాక్షన్ కామెడీ ఎలా పనిచేస్తుంది?

స్టంట్ డిజైన్‌కు విడిగా ఆస్కార్ ఇస్తామని అకాడమీ 2025 ఏప్రిల్‌లో ప్రకటించింది. 2027లో విడుదలయ్యే సినిమాలతో అది మొదలవుతుంది. ఈ వార్త వచ్చినప్పటి నుంచి యాక్షన్ సినిమా అభిమానుల్లో ఓ పాత వాదన మళ్లీ రాజుకుంది. హాంకాంగ్ ఫిల్మ్ అవార్డ్స్‌లో ఫైట్ మాస్టర్లకు 1983 నుంచే అవార్డు ఉంది. మొదటిసారి దాన్ని 'ద ప్రాడిగల్ సన్' సినిమాకి సామో హుంగ్, ఆయన బృందం గెలుచుకున్నారు. అక్కడ నలభై ఏళ్ల కిందటే గౌరవం దక్కిన పనిని హాలీవుడ్ ఇంత ఆలస్యంగా గుర్తిస్తోందేమిటని కొందరు అంటున్నారు. అసలు రెండు చోట్లా ఆ పని ఒకటేనా అని ఇంకొందరు అడుగుతున్నారు.

రెండో ప్రశ్న మీదే నాకు ఎక్కువ ఆసక్తి. హాంకాంగ్‌లో 1970ల చివర్లో పుట్టి, 80ల్లో వెలిగిపోయిన యాక్షన్ కామెడీలో ఫైట్ మాస్టర్ పని దెబ్బలు నేర్పడంతో ఆగేది కాదు. కెమెరా ఎక్కడ పెట్టాలి, షాట్ ఎక్కడ తెగాలి, నవ్వు ఎక్కడ రావాలి అన్నవి కూడా చాలావరకు ఆయనే చూసుకునేవాడు. ఆ సినిమాల్లో కామెడీ వేరు, ఫైటింగ్ వేరు అని విడదీయలేం. రెండింటినీ ఒకే చేయి, ఒకే లెక్కతో తయారు చేసింది. ఆ లెక్కేమిటి, అది ఎక్కడి నుంచి వచ్చింది, దాని మీద అభిమానులు ఎందుకంత వాదించుకుంటారు అన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

## ఒకే గాటన కట్టే నాలుగు రకాలు

తూర్పు ఆసియా నుంచి వచ్చిన ఫైట్ సినిమా ఏదైనా సరే 'కరాటే సినిమా' అనేయడం మామూలే. కానీ కరాటే జపాన్‌ది. హాంకాంగ్ సినిమాలోనే కనీసం నాలుగు వేరు వేరు దారులున్నాయి.

మొదటిది వూషియా. కత్తి పట్టిన వీరుల కథలు. పాత రాజవంశాల కాలం, గౌరవం, ప్రతీకారం, గాల్లో తేలి వెదురు కొమ్మల మీద దిగే యోధులు. కింగ్ హు తీసిన 'కమ్ డ్రింక్ విత్ మీ' (1966), 'డ్రాగన్ ఇన్' (1967) దీనికి దారి వేశాయి. 2000లో వచ్చిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' ప్రపంచమంతటికీ దీన్ని పరిచయం చేసి, 4 ఆస్కార్లు తెచ్చుకుంది.

రెండోది కుంగ్‌ఫూ సినిమా. కత్తి పోయి పిడికిలి వచ్చింది. గురువు, శిక్షణ, పగ అన్నవి దీని మూలస్తంభాలు. 1971 నుంచి 1973 వరకు బ్రూస్ లీ చేసిన సినిమాలు ఈ రకాన్ని ఎక్కడికో తీసుకెళ్లాయి. 1973 జులై 20న, 32 ఏళ్లకే ఆయన చనిపోయారు.

మూడోది మనం మాట్లాడుకుంటున్న యాక్షన్ కామెడీ. నాలుగోది 'మో లే టౌ'. ఒక మాటకీ పక్క మాటకీ పొంతన లేకుండా, సీరియస్‌గా నడుస్తున్న సీన్ ఉన్నట్టుండి పిచ్చి మలుపు తిరిగే కామెడీ ఇది. 1990లో 'ఆల్ ఫర్ ద విన్నర్'తో స్టార్ అయిన స్టీఫెన్ చౌ దీనికి మారుపేరు.

ఈ గీతలు గట్టిగా నిలబడవు. 1985లో వచ్చిన 'మిస్టర్ వాంపైర్' చూడండి. గెంతుకుంటూ వచ్చే శవాలు, వాటిని మంత్రపు కాగితాలతో ఆపే తాంత్రికుడు, మధ్యలో అసలు సిసలు కుంగ్‌ఫూ, దాని మీద కామెడీ. దాన్ని ఏ అరలో పెట్టాలి? ఆ సినిమా తీసినవాళ్లకు ఈ ప్రశ్నే పట్టలేదు. ఒకే టికెట్ మీద భయం, నవ్వు, ఫైట్ అన్నీ ఇవ్వాలన్నదే వాళ్ల పట్టుదల.

## నాటక బడి నుంచి ఫైట్ సెట్‌కి

హాంకాంగ్‌లో యు జిమ్-యువెన్ అనే గురువు చైనా డ్రామా అకాడమీ అనే బడి నడిపేవారు. అక్కడ నేర్పేది పెకింగ్ ఒపెరా, అంటే చైనా సంప్రదాయ సంగీత నాటకం. పిల్లలు పాట, మాట, ముఖ కవళికలు, కత్తిసాము, పిల్లిమొగ్గలు అన్నీ ఒకేసారి నేర్చుకోవాలి. తలకిందులుగా చేతుల మీద గంటల తరబడి నిలబడటం, తప్పు చేస్తే బెత్తం దెబ్బలు అక్కడ రోజువారీ వ్యవహారం. జాకీ చాన్, సామో హుంగ్, యువెన్ బియావ్, కోరీ యువెన్, యువెన్ వా అందరూ ఆ బడిలోనే పెరిగారు. చాలామంది పేర్లలో 'యువెన్' ఉండటానికి కారణం గురువుగారి పేరులోని ముక్కను తీసుకోవడమే. వాళ్లేమీ అన్నదమ్ములు కారు.

వీళ్లు పెద్దవాళ్లయ్యేసరికి ఒపెరాకి జనం తగ్గిపోయారు. బతుకుతెరువు కోసం సినిమాల్లో స్టంట్‌లకు, డూప్‌లుగా వెళ్లారు. 'ఎంటర్ ద డ్రాగన్' మొదట్లో బ్రూస్ లీతో తలపడే లావుపాటి కుర్రాడు సామో హుంగే. అదే సినిమాలో బ్రూస్ లీ చేతిలో మెడ విరిగి పడిపోయే గుంపు మనుషుల్లో ఒకడు జాకీ చాన్.

ఒపెరా శిక్షణ అనగానే అందరూ పల్టీలే గుర్తు చేసుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా ముఖ్యమైనది తాళం అనిపిస్తుంది. పెకింగ్ ఒపెరాలో నటుడు వేగంగా కదిలి, డోలు, తాళాల మోతకు సరిగ్గా ఓ భంగిమలో ఠక్కున ఆగుతాడు. ఆ ఆగడంలోనే జనం చప్పట్లు కొడతారు. ఈ అలవాటు సినిమా ఫైట్‌లలోకి నేరుగా వచ్చేసింది. అమెరికన్ సినిమా పండితుడు డేవిడ్ బోర్డ్‌వెల్ దీన్ని గమనించి, హాంకాంగ్ ఫైట్ నడక 'ఆగడం, విరుచుకుపడటం, మళ్లీ ఆగడం' అని వివరించారు. ఒక కొట్లాటను ఈ దృష్టితో చూస్తే ప్రతి రెండు మూడు సెకన్లకీ చిన్న నిలుపు కనిపిస్తుంది. ఏం జరిగిందో మన కంటికి అందేది ఆ నిలుపులోనే. జోక్ పేలేదీ అక్కడే.

## 1978లో హీరో కింద పడ్డాడు

బ్రూస్ లీ పోయాక నిర్మాతలంతా ఇంకో బ్రూస్ లీ కోసం వెతికారు. జాకీ చాన్‌ను కూడా మొదట ఆ అచ్చులోనే పోయబోయారు, నప్పలేదు. ఇదే కాలంలో మరోపక్క కామెడీ మారుతోంది. 1970ల మొదట్లో హాంకాంగ్‌లో స్థానికులు మాట్లాడే కాంటనీస్ భాషా సినిమా దాదాపు ఆగిపోయి, మాండరిన్‌దే రాజ్యమైంది. 1973లో 'ద హౌస్ ఆఫ్ 72 టెనెంట్స్' ఆ పరిస్థితిని తిప్పేసింది. మరుసటి ఏడు మైకేల్ హుయ్ తన తమ్ముళ్లతో కలిసి జీతాల కష్టాలు, పిసినారి యజమానులు, నగరపు ఇరుకు బతుకుల మీద కామెడీలు మొదలుపెట్టాడు. ఆయన 'ద ప్రైవేట్ ఐస్' (1976)లో వంటగది కొట్లాట ఒకటి ఉంది. అందులో సాసేజ్‌ల దండ నంచాకులా (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రల ఆయుధం) గిర్రున తిరుగుతుంది. చూసే జనానికి బ్రూస్ లీ గుర్తుకు రావాలి, అదే క్షణంలో నవ్వూ రావాలి.

కుంగ్‌ఫూలోకి కామెడీని తెచ్చింది జాకీ చాన్ ఒక్కడే అనుకోవడం సరికాదు. లౌ కార్-లియాంగ్ అనే దర్శకుడి 'ద స్పిరిచువల్ బాక్సర్' 1975లోనే వచ్చింది. కానీ తూకం కుదిరింది మాత్రం 1978లో. యువెన్ వూ-పింగ్ దర్శకుడిగా ఒకే ఏడాది 'స్నేక్ ఇన్ ద ఈగిల్స్ షాడో', 'డ్రంకెన్ మాస్టర్' వచ్చాయి. రెండింట్లోనూ హీరో జాకీ చాన్, గురువు వేషం దర్శకుడి సొంత తండ్రి యువెన్ సియు-టీన్‌ది.

'డ్రంకెన్ మాస్టర్'లో హీరో పేరు వాంగ్ ఫె-హుంగ్. ఈయన నిజంగా బతికిన వైద్యుడు, యుద్ధవిద్యా గురువు. 1949 నుంచి క్వాన్ తక్-హింగ్ అనే నటుడు 70కి పైగా సినిమాల్లో ఈ పాత్రను ఎంతో గంభీరంగా, పెద్దమనిషి తరహాలో పోషించారు. 1978 సినిమా అదే మనిషిని పోకిరీ కుర్రాడిగా చూపించింది. అమ్మాయిని ఏడిపించబోయి ఆమె తల్లి చేతిలో తన్నులు తింటాడు, తీరా చూస్తే ఆవిడ సొంత మేనత్త. హోటల్లో సుష్టుగా తిని డబ్బులు కట్టలేక దొరికిపోతాడు.

ఈ సినిమా కట్టిన తీరులో ఒక ముడి నాకు మహా ఇష్టం. తాగుబోతు గురువు చైనా పురాణ కథల్లోని ఎనిమిది మంది అమరుల పేర్ల మీద ఎనిమిది పట్లు నేర్పుతాడు. అందులో ఒకటి స్త్రీ దేవతది. ఆడవాళ్లలా కదలడం నామోషీ అనుకుని కుర్రాడు దాన్ని నేర్చుకోకుండా ఎగ్గొడతాడు. అప్పటికి అది నవ్వుకునే విషయం. చివరి ఫైట్‌లో విలన్ మిగతా ఏడింటినీ తట్టుకుంటాడు. మిగిలింది రాని ఎనిమిదోదే. అప్పటికప్పుడు కల్పించి, వయ్యారాలు పోతూ కొట్టి గెలుస్తాడు. ముందు వేసిన జోక్ చివర్లో విలన్‌ని గెలిచే ఉపాయమైంది. కామెడీని పక్కన పెడితే ఫైట్‌కి ముగింపే ఉండదు.

## నవ్వు ఎక్కడ పుడుతుంది: మూడు సీన్లు

'పోలీస్ స్టోరీ' (1985)లో అసలు ఫైటే లేని సీన్‌తో మొదలుపెడతాను. జాకీ చాన్ ఓ చిన్న ఊరి పోలీస్ స్టేషన్‌లో ఒంటరిగా ఉంటాడు. బల్లల మీద ఫోన్లు ఒకదాని తర్వాత ఒకటి మోగుతాయి. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీలో అటూ ఇటూ జారుతూ ఒక్కో రిసీవర్ ఎత్తి, చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, ఒకరికి చెప్పాల్సింది ఇంకొకరికి చెబుతూ వైర్లలో చిక్కుకుపోతాడు. ఈ గోల మధ్యలో నూడుల్స్ తినాలి, పుల్లలు లేవు, పెన్సిళ్లతో తింటాడు. ఒక్క దెబ్బ కూడా పడదు. అయినా ఇది అచ్చంగా ఫైట్ సీనే. శత్రువుల చోట ఫోన్లు ఉన్నాయి. ఏ వైపు నుంచి దాడి వస్తుంది, ఏ చేయి ఖాళీగా ఉంది, ఏ వస్తువు అందుబాటులో ఉంది అన్న లెక్కంతా గ్యాంగ్ ఫైట్‌లో ఉండే లెక్కే.

రెండోది 'ప్రాజెక్ట్ ఎ' (1983)లో గడియార స్తంభం. హీరో చేతులకు బేడీలు. అలాగే జెండా కర్ర ఎక్కి, గడియారం గదిలోకి దూకి, పళ్ల చక్రాల మధ్య కొట్లాడి, చివరికి బయట గడియారం ముల్లు పట్టుకుని వేలాడతాడు. పట్టు జారి కిందికి వస్తుంటే దారిలో రెండు గుడ్డ పందిళ్లు చిరుగుతాయి, తర్వాత నేల. 1923లో మూకీ కామెడీ స్టార్ హెరాల్డ్ లాయిడ్ 'సేఫ్టీ లాస్ట్'లో గడియారానికి వేలాడిన దృశ్యం దీనికి మూలం. తేడా ఏమిటంటే లాయిడ్ పడిపోడు, జాకీ చాన్ పడతాడు. ఆ పడటాన్ని సినిమాలో వెంటవెంటనే రెండుసార్లు చూపిస్తారు. కథ ప్రకారం చూస్తే దానికి అర్థం లేదు, ఒక మనిషి రెండుసార్లు పడడు. కానీ 'ఇది నిజంగా జరిగింది, సరిగ్గా చూడండి' అని ప్రేక్షకుడికి చెప్పడం అక్కడ కథకన్నా ముఖ్యం. మూకీ సినిమాలంటే జాకీ చాన్‌కు ఎంత ప్రాణమో 'ప్రాజెక్ట్ ఎ' రెండో భాగంలో (1987) ఇంకా తెలుస్తుంది. ఇంటి ముందుగోడ మీద కూలినా కిటికీ ఖాళీలో నిలబడి బతికిపోయిన బస్టర్ కీటన్ స్టంట్‌ను అందులో మళ్లీ చేశాడు.

మూడోది 'వీల్స్ ఆన్ మీల్స్' (1984). బార్సిలోనాలో తీసిన సినిమా, దర్శకుడు సామో హుంగ్. కోటలో జాకీ చాన్‌కి ఎదురుగా నిజ జీవితంలో కిక్‌బాక్సింగ్ చాంపియన్ అయిన బెన్నీ అర్కిడెజ్. అర్కిడెజ్ తిరిగి కొట్టిన తన్ను గాలికి వరసగా వెలుగుతున్న కొవ్వొత్తులు ఆరిపోతాయి. ఈ ఫైట్ నిజంగా క్రూరంగా ఉంటుంది. మధ్యలో హీరో, ఇలా బిగుసుకుపోతే ఓడిపోతానని తనకు తానే చెప్పుకుని, ఒళ్లు వదులు చేసి, ప్రాక్టీస్‌కి వచ్చినవాడిలా మళ్లీ మొదలుపెడతాడు. అక్కడ మనకి నవ్వొస్తుంది, టెన్షన్ మాత్రం తగ్గదు. నా లెక్కలో ఒంటికి ఒంటి పోరాటాల్లో దీన్ని మించింది ఇంతవరకు రాలేదు.

ఈ మూడింట్లోనూ ఉన్న సూత్రం ఒక్కటే. ఏం జరగబోతోందో ముందు కనిపించాలి, జరిగింది స్పష్టంగా కనిపించాలి, దెబ్బ తిన్నవాడి ముఖం ఆ వెంటనే కనిపించాలి. మూడోదే చాలామంది మర్చిపోతారు. జాకీ చాన్ ఎవరినైనా కొట్టాక చేయి విదిలించుకుని నొప్పితో ముఖం చిట్లిస్తాడు. బ్రూస్ లీ ఎప్పుడూ ఆ పని చేయడు. ఆ చిట్లింపుతో హీరో మనలాంటి మనిషైపోతాడు, దెబ్బకి బరువు వస్తుంది, నవ్వూ వస్తుంది.

## కెమెరా ఎవరి చేతిలో ఉంది?

ఇక్కడే హాలీవుడ్‌తో పెద్ద తేడా వస్తుంది. అక్కడి సంప్రదాయ పద్ధతిలో ఫైట్ మొత్తాన్ని పలు కెమెరాలతో, పలు కోణాల్లో తీసుకుని, ఏది వాడాలో తర్వాత ఎడిటింగ్‌లో తేలుస్తారు. హాంకాంగ్‌లో ఫైట్‌ను ముక్కలు ముక్కలుగా తీసేవారు. నాలుగైదు కదలికల ముక్క, దానికి సరిపోయే ఒకే ఒక కోణం. అది ఓకే అయ్యాక పక్క ముక్క. అంటే ఎడిటింగ్ సెట్ మీదే సగం అయిపోయేది. ఆ సమయంలో డైరెక్టర్ పక్కకు తప్పుకుని ఫైట్ మాస్టర్‌కి సెట్ అప్పగించడం మామూలుగా జరిగేది.

చిన్న చిన్న కిటుకులు కూడా ఉన్నాయి. దెబ్బ తగిలే చోట బట్టల మీద పొడి చల్లి ఉంచేవారు. తన్ను పడగానే దుమ్ము పైకి లేస్తే ఆ దెబ్బ కంటికి ఆనుతుంది. సెకనుకి 24 ఫ్రేములు తీయాల్సిన చోట 22 ప్రాంతంలో తీస్తే తెర మీద వేగం కొద్దిగా పెరుగుతుంది. మాటలూ శబ్దాలూ తర్వాతే కలిపేవారు కాబట్టి ఫైట్ మాస్టర్ షాట్ నడుస్తుండగా గట్టిగా కేకలేసి లెక్క చెప్పగలిగేవాడు.

'రష్ అవర్' (1998) జాకీ చాన్‌ని అమెరికాలో పెద్ద స్టార్‌ని చేసింది. క్రిస్ టక్కర్ మాటల కామెడీ, జాకీ చాన్ ఒంటి కామెడీ జోడీ కుదిరింది. చాలామంది ఆయన్ని ఇష్టపడటం అక్కడే మొదలుపెట్టారు, ఆ ఇష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ ఫైట్ల దగ్గరికి వస్తే తేడా తెలిసిపోతుంది. దెబ్బ ఒక షాట్‌లో మొదలై ఇంకో షాట్‌లో తగిలితే ఎవరు ఎవరిని ఎంత నేర్పుగా కొట్టారో తెలియదు, నవ్వు సగంలో ఆగిపోతుంది. దీనికి ఎదురు వాదనా ఉంది. వేగంగా కత్తిరించిన ఫైట్ చూసేవాణ్ని గందరగోళంలో పడేస్తుంది, నిజమైన కొట్లాట అలాగే ఉంటుంది కదా అంటారు. సీరియస్ థ్రిల్లర్లకు ఆ మాట ఒప్పుకుంటాను. కామెడీకి మాత్రం అది నప్పదు. అరటి తొక్క కనిపించకుండా జారిపడిన మనిషిని చూసి ఎవరూ నవ్వరు.

హాలీవుడ్ ఈ పద్ధతిని సరిగ్గా తెచ్చుకున్న సందర్భం 'ద మేట్రిక్స్' (1999). 'డ్రంకెన్ మాస్టర్' తీసిన యువెన్ వూ-పింగే దానికి ఫైట్ మాస్టర్. నటులకు నెలల తరబడి శిక్షణ ఇచ్చాకే షూటింగ్‌కి దిగారు.

## రోప్, గ్రాఫిక్స్: మోసమా, శైలా?

అభిమానులు రెండు వర్గాలుగా చీలిపోయే చోటు ఇది. రోప్ కట్టి ఎగరేస్తే, కంప్యూటర్‌తో బొమ్మ గీస్తే అందులో గొప్పేముంది అన్నది ఒక పక్షం. వాళ్లకి పెద్ద బలం థాయిలాండ్ నుంచి 2003లో వచ్చిన 'ఓంగ్ బాక్'. రోప్ లేదు, గ్రాఫిక్స్ లేవు అన్నదే ఆ సినిమాకి ప్రచారం. అందులో సందుల్లో సాగే పరుగు చూడండి. హీరో టోనీ జా కార్ల కింద కాళ్లు చాపి జారతాడు, ముళ్లకంచె చుట్ట లోంచి దూకుతాడు. వెనకే అతని నేస్తం అదే దారిలో రాబోయి నానా తిప్పలు పడతాడు. ఒకే అడ్డంకి, రెండు శరీరాలు. ఒకటి అబ్బురపరుస్తుంది, ఇంకొకటి నవ్విస్తుంది.

రెండో పక్షం చెప్పేది, వూషియా పుట్టిందే గాల్లో ఎగిరే వీరులతో కదా, అక్కడ రోప్ మోసం ఎలా అవుతుందని. కింగ్ హు రోజుల్లోనే ట్రాంపొలిన్‌ల మీద నుంచి ఎగిరేవారు. ఆయన ఫైట్ మాస్టర్ హాన్ యింగ్-చియె కూడా పెకింగ్ ఒపెరా మనిషే.

కామెడీలో ఈ వాదన 'కుంగ్‌ఫూ హజిల్' (2004) దగ్గర తేలుతుందని నా అభిప్రాయం. స్టీఫెన్ చౌ అందులో గ్రాఫిక్స్ దాచుకోడు. ఇంటి ఓనరమ్మ తరుముతుంటే కాళ్లు చక్రాల్లా తిరుగుతాయి, అచ్చం కార్టూన్. ఆ ఓనరమ్మ యువెన్ చియు, ఆమె భర్త యువెన్ వా. ఇద్దరూ పైన చెప్పిన డ్రామా అకాడమీ పిల్లలే. ఫైట్లు సామో హుంగ్, యువెన్ వూ-పింగ్‌లవి. అంటే గ్రాఫిక్స్ వెనక నిలబడింది ఒపెరా శిక్షణే. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు విరుచుకుపడాలో తెలిసిన ఒళ్లు ఉన్నాయి కాబట్టే ఆ కార్టూన్‌కి ప్రాణం వచ్చింది. ఆ తాళం లేకుండా ఒట్టి గ్రాఫిక్స్ మీదే ఆధారపడిన సినిమాలు నాకు చప్పగా అనిపిస్తాయి. రోప్ ఉందా లేదా అన్నది ఆ చప్పదనానికి కారణం కాదు.

## ఆ రిస్క్‌ను ఎలా చూడాలి?

'పోలీస్ స్టోరీ' చివరి ఫైట్ హాంకాంగ్‌లో చిమ్ షా చుయ్ ప్రాంతంలోని వింగ్ ఆన్ ప్లాజా మాల్‌లో తీశారు. ఎన్ని అద్దాలు పగిలాయంటే, యూనిట్ వాళ్లు దానికి 'గ్లాస్ స్టోరీ' అని పేరు పెట్టుకున్నారు. లైట్ బల్బులు చుట్టిన ఎత్తైన స్తంభం పట్టుకుని జాకీ చాన్ కిందికి జారినప్పుడు అరచేతులు కాలిపోయాయి. మరుసటి ఏడు యుగోస్లావియాలో 'ఆర్మర్ ఆఫ్ గాడ్' షూటింగ్‌లో చెట్టు మీద నుంచి పడి పుర్రె చిట్లింది, ప్రాణం మీదికి వచ్చింది. 'ద స్టంట్ ఉమన్' (1996) షూటింగ్‌లో నటి మిషెల్ యో వంతెన మీద నుంచి దూకి వెన్నుకు తీవ్రంగా దెబ్బ తగిలించుకుంది. నాలుగేళ్ల ముందు 'పోలీస్ స్టోరీ 3'లో నడుస్తున్న రైలు మీదికి మోటార్ సైకిల్‌తో దూకింది కూడా ఆమే.

ఆ కళాకారులు తమ ఇష్టంతో చేశారు, ఆ ధైర్యాన్ని గౌరవించాలి, అది లేకపోతే ఆ సినిమాలే లేవు అని కొందరంటారు. ఇష్టమన్నది ఎంతవరకు ఇష్టం అని ఇంకొందరు అడుగుతారు. స్టార్‌కి పేరొస్తుంది, అతని వెనక పేరు తెలియని డూప్ కూడా అంతే ఎత్తు నుంచి పడ్డాడు కదా అన్నది వాళ్ల బాధ. నేను రెండో మాట వైపు మొగ్గుతాను, మొదటిదాన్ని కొట్టిపారేయకుండానే. సినిమా చివర్లో పేర్లు పడేటప్పుడు స్టంట్ పొరపాట్లు చూపించే అలవాటు ఈ చర్చలో చాలా విలువైనది. అందులో నెత్తురు కనిపిస్తుంది, స్ట్రెచర్ కనిపిస్తుంది, తెర మీద నవ్వుకున్న దెబ్బ ఎవరికి తగిలిందో తెలుస్తుంది.

## వేరే భాషలో జోక్ బతుకుతుందా?

ఒంటితో చేసే కామెడీ సరిహద్దులు ఇట్టే దాటుతుంది. అందుకే జాకీ చాన్ ప్రపంచమంతా చేరాడు. స్టీఫెన్ చౌ 90ల సినిమాలు కాంటనీస్ యాస, వీధి భాష, అప్పటి ప్రకటనల మీద చెణుకులతో నిండి ఉంటాయి. వాటిలో సగం సబ్‌టైటిల్స్‌కి అందవు. ఆయనకి పెద్ద అంతర్జాతీయ విజయాలు 'షావోలిన్ సాకర్' (2001), 'కుంగ్‌ఫూ హజిల్' కావడానికి ఇదే కారణం, వాటిలో ఒళ్లు ఎక్కువ మాట్లాడుతుంది. డబ్బింగ్ అంటే నష్టమే అనుకోనక్కర్లేదు. తైవాన్, చైనా ప్రేక్షకుల్లో చాలామందికి స్టీఫెన్ చౌ గొంతు అంటే మాండరిన్‌లో ఆయనకి డబ్బింగ్ చెప్పిన షి బాన్‌యు గొంతే. ఆ వింత నవ్వు లేకుండా ఆయన్ని ఊహించుకోలేరు వాళ్లు.

## హాంకాంగ్ తగ్గింది, విద్య పాకింది

1990ల మొదట్లో హాంకాంగ్ ఏటా 200కి పైగా సినిమాలు తీసేది. 2000ల మధ్యకి అది 50 ప్రాంతానికి పడిపోయింది. 1997లో నగరం చైనా చేతికి వెళ్లడమే కారణమని కొందరు తేల్చేస్తారు, కానీ లెక్క అంత సులువు కాదు. పైరసీ వీసీడీలు, అదే 1997లో మొదలైన ఆసియా ఆర్థిక సంక్షోభం, హాలీవుడ్ భారీ సినిమాల పోటీ, పెద్ద స్టార్లు, దర్శకులు అమెరికా వెళ్లిపోవడం, హడావుడిగా చుట్టేసిన సినిమాలతో ప్రేక్షకులు విసిగిపోవడం అన్నీ కలిసొచ్చాయి.

2003లో చైనాతో కుదిరిన వాణిజ్య ఒప్పందంతో ఉమ్మడి నిర్మాణాలు పెరిగాయి. మార్కెట్ పెద్దదైంది, బడ్జెట్లు పెరిగాయి, పనివాళ్లకి పని దొరికింది. దానితోపాటు అక్కడి సెన్సార్ కూడా వచ్చింది. దయ్యాలు, మూఢనమ్మకాల మీద అభ్యంతరాలు, నేరస్తుడు తప్పించుకోకూడదన్న పట్టింపు. 'ఇన్ఫెర్నల్ అఫైర్స్' (2002)కి చైనా కోసం వేరే ముగింపు పెట్టారు, అందులో పోలీసుల్లో చేరిన దొంగ అరెస్టవుతాడు. 'మిస్టర్ వాంపైర్' లాంటి గెంతే శవాల కామెడీకి ఆ మార్కెట్‌లో చోటెక్కడుంది? నాకు అన్నిటికన్నా బాధ కలిగించే నష్టం అదే.

ఇతర దేశాలు ఈ విద్యను ఎవరికి తోచినట్టు వాళ్లు మలుచుకున్నాయి. ఇండోనేషియా 'ద రెయిడ్' (2011) నవ్వును పూర్తిగా తీసేసి, సిలాట్ అనే అక్కడి యుద్ధవిద్యతో ఊపిరాడనివ్వదు. కొరియా వేరే దారి పట్టింది. 'ఎక్స్‌ట్రీమ్ జాబ్' (2019)లో డ్రగ్స్ ముఠాని పట్టుకోవడానికి పోలీసులు ఓ చికెన్ హోటల్ కొని మాటు వేస్తారు, ఆ హోటల్ కాస్తా సూపర్ హిట్టవుతుంది. సినిమాలో ఎక్కువ భాగం వాళ్లు చేతకానివాళ్లలా కనిపిస్తారు. చివర్లో ఒక్కొక్కరు ఏ యుద్ధవిద్యలో ఎంత ఘనులో బయటపడుతుంది. హాంకాంగ్ సినిమా ఫైట్ మధ్యలో జోక్ పెడితే, ఇక్కడ ఫైటే జోక్‌కి కొసమెరుపు. సుమారు 5 కోట్ల జనాభా ఉన్న దేశంలో దానికి 1.6 కోట్లకు పైగా టికెట్లు తెగాయి.

'ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్' (2022) అమెరికన్ సినిమా, కానీ దాని ఒళ్లంతా హాంకాంగే. మొదట ఆ కథని జాకీ చాన్‌ని దృష్టిలో పెట్టుకుని రాశారు, తర్వాత మిషెల్ యో కోసం మార్చారు, ఆమెకి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది. నడుముకి కట్టుకునే చిన్న సంచితో సెక్యూరిటీ గార్డులను చితక్కొట్టే కి హుయ్ క్వాన్ అంతకుముందు కోరీ యువెన్ దగ్గర ఫైట్ల పని చేసినవాడు. ఆ సినిమాకి ఫైట్లు సమకూర్చిన లే సోదరులు ఆండీ, బ్రయాన్ ఏ నాటక బడికీ వెళ్లలేదు. పాత హాంకాంగ్ సినిమాలు చూసి, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసి సొంతంగా నేర్చుకున్నారు.

హాంకాంగ్‌లోనూ పని ఆగలేదు. హాంకాంగ్‌లో ఒకప్పటి కిక్కిరిసిన మురికివాడ కౌలూన్ వాల్డ్ సిటీ ఇరుకు సందుల్ని సెట్ వేసి తీసిన 'ట్వైలైట్ ఆఫ్ ద వారియర్స్: వాల్డ్ ఇన్' (2024) అక్కడి స్థానిక సినిమాల వసూళ్లలో ముందు వరసకి చేరింది. దానికి ఫైట్ మాస్టర్ కెంజి తనిగాకి, జపాన్ మనిషి. కుర్రతనంలో హాంకాంగ్ వచ్చి స్టంట్ బృందంలో చేరి పని నేర్చుకున్నాడు.